నాన్న తుపాకీ నా పేరు మీదికి వచ్చిన ఏడాది

నాన్న పోయిన మూడో రోజు సాయంత్రం, చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతుంటే, మా మేనమామ వసారాలో నన్ను పక్కకి పిలిచి అడిగాడు. "అమ్మాయ్, బావ తుపాకీ ఎక్కడుంది?"

"బీరువా వెనక ఇనుప పెట్టెలో ఉంది మామా. తాళం నా దగ్గరే ఉంది. ఆస్పత్రిలో నాన్నే ఇచ్చాడు."

"రేపు పొద్దున్నే స్టేషన్‌కి ఫోన్ చెయ్. పెట్టె తెరవద్దు, దాన్ని ముట్టుకోవద్దు."

మామ 24 ఏళ్లు ఆర్మీలో పనిచేసి సుబేదారుగా రిటైరైన మనిషి. ఇల్లంతా దుఃఖంలో ఉన్నప్పుడు తుపాకీ గురించి ఎందుకు అడుగుతున్నాడా అని ఆ క్షణం నాకు కోపం కూడా వచ్చింది. ఆయన చెప్పింది ఎంత అవసరమో తర్వాత తెలిసింది. లైసెన్స్ మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ఆ మనిషి పోయిన రోజుతో దాని పని అయిపోతుంది. ఆ తర్వాత తుపాకీ ఇంట్లో ఉంటే, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లైసెన్స్ లేకుండా ఆయుధం పెట్టుకున్నట్టే. 2019లో ఆయుధాల చట్టానికి సవరణ జరిగాక ఈ తప్పుకి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. మా చుట్టుపక్కల ఊళ్లలో ముసలాయన పోయాక తుపాకీ అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న ఇళ్లు నాకే రెండు తెలుసు. వాళ్లకి తప్పు చేస్తున్నామనే సంగతే తెలియదు. ఇలాంటి ఇళ్లలో ఒక్కరైనా చదువుతారని ఇదంతా రాస్తున్నాను.

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. ఊరికి కిలోమీటరు అవతల చేలో ఇల్లు. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. పాప, నేను, అమ్మ, నాన్న ఆ ఇంట్లో ఉండేవాళ్లం. నాన్నకి 1986లో లైసెన్స్ వచ్చింది. 12 బోర్, ఒకే గొట్టం. పంట రక్షణ, ఆత్మరక్షణ అని రెండు కారణాలూ అందులో రాసి ఉన్నాయి. పంట రక్షణ అంటే పందుల్ని చంపడం అనుకుంటారు చాలామంది. అనుమతి లేకుండా అడవిపందిని చంపితే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. నాన్న వేరుశనగ చేలో రాత్రుళ్లు డప్పు కొట్టేవాడు, టపాకాయలు పేల్చేవాడు. తుపాకీ ఏడాదికి రెండు మూడు సార్లు బయటికొచ్చేది, అదీ ఎక్కువగా తుడవడానికే. ఆదివారం మధ్యాహ్నం చాప వేసుకుని, గొట్టం విడదీసి, రాడ్‌కి పాత పంచె గుడ్డ చుట్టి లోపలికి తోసేవాడు. గుడ్డ నల్లగా బయటికొస్తే మళ్లీ ఇంకో ముక్క. తెల్లగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఆ నూనె వాసన ఇప్పటికీ ఆ గదిలో ఉన్నట్టే ఉంటుంది నాకు.

2000ల మొదట్లో మా వైపు లైసెన్స్ తుపాకీ ఉండటమే ఒక గండం. అన్నలు, అంటే నక్సలైట్లు, రాత్రిపూట వచ్చి తుపాకీ ఇమ్మంటే ఇవ్వాలి, ఇస్తే పొద్దున పోలీసులకి జవాబు చెప్పుకోవాలి. అందుకని నాన్న దాన్ని కొన్నేళ్లు స్టేషన్‌లోనే ఉంచాడు. 2004 అక్టోబర్‌లో ప్రభుత్వంతో చర్చల కోసం నక్సల్ నాయకుడు రామకృష్ణ వాళ్లు చిన్నారుట్ల దగ్గర అడవిలోంచి బయటికొచ్చినప్పుడు ఊరంతా టీవీ ముందే ఉంది. ఇక గొడవలు ఉండవు, తెచ్చేసుకుందాం అన్నాడు నాన్న. చర్చలు మూణ్నాళ్ల ముచ్చటే అయ్యాయి. తుపాకీ ఇంటికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

సరే, నా సంగతికి వస్తాను. మర్నాడు ఫోన్ చేస్తే స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్, ఇంకో కానిస్టేబుల్ వచ్చారు. నేను తాళం ఇచ్చాను, పెట్టె ఆయనే తెరిచాడు. గొట్టం మీద నంబర్ లైసెన్స్ పుస్తకంలో నంబర్‌తో సరిచూశాడు. "తూటాలు ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడిగాడు. నాకు తెలియదు. పెట్టెలో లేవు. నేను బిత్తరపోయి చూస్తుంటే అమ్మ మాట్లాడకుండా లోపలికెళ్లి బియ్యం డబ్బాల వెనక నుంచి ఒక చిన్న రేకు పెట్టె తెచ్చి, మెడలోని నల్లపూసల పక్కన తాడుకి కట్టుకున్న తాళంతో తెరిచింది. 11 తూటాలు. అన్నీ రాసుకుని రసీదు ఇచ్చి తీసుకెళ్లారు. ఆ తాళం సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ రసీదు పారేసుకోకండి. తుపాకీ నంబరు, తూటాల లెక్క, తేదీ, సంతకం, స్టేషన్ ముద్ర అన్నీ ఉన్నాయో లేదో వాళ్లు గుమ్మం దాటకముందే చూసుకోండి. ఏడాది పొడవునా నా ఫైల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు జిరాక్స్ తీసింది ఆ కాగితాన్నే.

తుపాకీ వెళ్లిపోయాక మా ముందు మూడు దారులున్నాయి. ప్రభుత్వానికి అప్పగించేయడం, లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా అమ్మేయడం, వారసుల్లో ఒకరు కొత్తగా లైసెన్స్ తీసుకోవడం. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, అపార్ట్‌మెంట్‌లో తుపాకీ ఏం చేసుకుంటానక్కా అన్నాడు. అమ్మ అయితే "ఆ ఇనుము ఇక ఇంట్లోకి వద్దు" అంది. నాకు మాత్రం మనసొప్పలేదు. నాన్న వస్తువని ఒక కారణం. నిజం చెప్పాలంటే అంతకంటే పెద్ద కారణం రాత్రి. ఆయన పోయిన తర్వాత ఆ చేలో ముగ్గురు ఆడవాళ్లం మిగిలాం. స్టేషన్ 14 కిలోమీటర్లు. 112కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, నేను కాదనను, కానీ వచ్చేలోగా పట్టే సమయం కూడా నాకు తెలుసు.

2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకి లైసెన్స్ ఇవ్వడం గురించి విడిగా ఉంది. కూతురు కూడా వారసురాలే. పెద్దాయన బతికుండగానే, ఆయనకి 70 దాటినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, వారసుల్లో ఎవరో ఒకరి పేరు మీదికి మార్చమని అడగొచ్చు. నాన్న పోయేనాటికి ఆయనకి 78. ఆ నిబంధనలు వచ్చినప్పుడే ఆ పని చేసుకుని ఉంటే ఇంత తిరుగుడు తగ్గేది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి లైసెన్స్ ఉంటే ఇవాళే ఆ పుస్తకం తీసి చూడండి.

కాగితాల పని డిసెంబర్ 2023లో మొదలైంది. మరణ ధృవీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మ, తమ్ముడు తమకి అభ్యంతరం లేదని ఇచ్చిన నోటరీ అఫిడవిట్లు, నాన్న లైసెన్స్ పుస్తకం, స్టేషన్ రసీదు, నా ఆధార్, ఫొటోలు, ఫారం ఏ-1 దరఖాస్తు. లైసెన్స్‌లో నాన్న ఇంటిపేరు ముందు ఉంటే ఆధార్‌లో వెనక ఉంది. ఇద్దరూ ఒకరేనని మళ్లీ ఇంకో అఫిడవిట్. దీనికి తోడు ఎస్-3 అని వైద్య పరీక్ష పత్రం. డాక్టర్ నా కళ్లు, బీపీ చూసి, నిద్ర సరిగా పడుతుందా, మందులేమైనా వాడుతున్నారా, ఈ మధ్య ఇంట్లో ఏదైనా జరిగిందా అని అడిగారు. నాన్న పోయి రెండు నెలలైందని చెప్పేసరికి గొంతు పట్టేసింది. ఆయన పెన్ను పక్కన పెట్టి, "తొందరేం లేదమ్మా, వచ్చే నెల రండి, అప్పుడు రాస్తాను" అన్నారు. ఆ పూట చిన్నబోయాను గానీ, ఆ డాక్టర్ చేసిందే సరైన పని అని ఇప్పుడు గట్టిగా అనుకుంటాను. దుఃఖంలో ఉన్న మనిషి చేతికి ఆయుధం ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక నెల ఆగమనడం ఎంత మంచి మనసు!

ఫైలు పెట్టాను. మా జిల్లాలో లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్. అక్కడి నుంచి పోలీసు రిపోర్టు కోసం కిందికి పంపుతారు. చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం ఆ రిపోర్టు తెప్పించుకోవాల్సిందే. ఇవ్వనంటే ఎందుకు ఇవ్వడం లేదో రాసివ్వాలి, దాని మీద అప్పీలుకి వెళ్లొచ్చు. ఇవి తెలిసి ఉంటే కౌంటర్ దగ్గర మన గొంతు కాస్త స్థిరంగా ఉంటుంది.

ఫైలు ఎటు పోయిందో తెలిసేలోపే 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ఎన్నికలొస్తే మా వైపు లైసెన్స్ తుపాకీలన్నీ స్టేషన్లకి చేరుతాయి. బ్యాంకు గార్డుల లాంటి వాళ్లకి మినహాయింపు ఉంటుంది. అది చూసి కొంతమంది నొచ్చుకుంటారు, మేమేమైనా దొంగలమా అని. నాన్న మాత్రం ప్రతిసారీ కోడ్ వచ్చిన రెండో రోజే బస్తా గుడ్డలో చుట్టి తీసుకెళ్లి ఇచ్చేవాడు. ఎన్నికలప్పుడు తుపాకీ ఊళ్లో లేకపోవడం ఊరికి మంచిది అనేవాడు. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఆ మూడు నెలలు నా ఫైలు ఎవరూ ముట్టుకోలేదు. కోడ్ ఎత్తేశాక వెళితే తమ్ముడి అఫిడవిట్ ఫైల్లో లేదన్నారు. నేను ఇచ్చాను, నా దగ్గర అందినట్టు ముద్ర వేసిన కాపీ ఉంది. అయినా సరే మళ్లీ తెమ్మన్నారు. తమ్ముడు బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని రావాల్సి వచ్చింది. ఎవరు పోగొట్టారో నాకు తెలియదు. వాడి ఒక రోజు జీతం పోయింది, నాకు రెండు రాత్రులు నిద్ర పోయింది.

జులై రెండో వారంలో విచారణకి సీఐ గారు పిలిచారు. అప్పటికి జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి కొద్ది రోజులే అయింది. ఆయన టేబుల్ మీద కొత్త పుస్తకం, అందులో అక్కడక్కడా పాత ఐపీసీ నంబర్లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఊళ్లో గొడవలేమైనా ఉన్నాయా, పొలం తగాదాలున్నాయా, మా ఆయన ఎక్కడ, ఇంట్లో తాగే వాళ్లున్నారా, అన్నీ అడిగారు. తర్వాత పుస్తకం మూసి ఇలా అన్నారు.

"అమ్మా, రాత్రి రెండింటికి మీ చేలో మోటారు కేబుల్ కోసుకుని ఒకడు పరిగెడుతున్నాడు. మీ చేతిలో తుపాకీ ఉంది. ఏం చేస్తారు?"

నాకు చెమటలు పట్టాయి. ఆ ప్రశ్న నేను ఎప్పుడూ వేసుకోలేదు. దొంగ వస్తే భయపెట్టాలి అనుకున్నాను గానీ, భయపడకపోతే ఏమిటన్నది ఆలోచించలేదు. కొంచెంసేపు ఆగి, "కాల్చను సార్. కేకలేస్తాను. 112కి చేస్తాను" అన్నాను.

"ఎందుకు కాల్చరు? మీ సొమ్మే కదా?"

"కేబుల్ కోసం మనిషిని చంపలేను సార్."

ఆయన తల ఊపి, కొత్త పుస్తకంలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు చూపించారు. అవి ఆత్మరక్షణ హక్కు గురించినవి. పాత ఐపీసీలో 96 నుంచి 106. ఆ అరగంట ఆయన నాకు చెప్పింది మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చెప్పాలనిపించింది. మన ప్రాణాన్నే కాదు, పక్కవాళ్ల ప్రాణాన్ని కాపాడటానికీ ఆ హక్కు ఉంది. చంపేస్తాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో న్యాయమైన భయం ఉంటే, అత్యాచారం చేయబోతే, యాసిడ్ పోయబోతే, అపహరించబోతే, ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకూ ఎదిరించినా చట్టం తప్పు పట్టదు. ఆస్తి విషయంలో అయితే దోపిడీ, రాత్రిపూట ఇంట్లోకి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం లాంటివి ఉన్నాయి. వట్టి దొంగతనం, అందులోనూ పారిపోతున్నవాడు, ఆ లెక్కలోకి రాడు. అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు, ప్రాణం తీయకూడదు. అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కే ఉండదు.

నేను అడిగాను. "సార్, చీకట్లో, భయంలో, ఎంత అవసరమో ఎవరు కొలుస్తారు?"

కోర్టులూ ఆ మాటే అన్నాయమ్మా, అంత ఆపదలో ఉన్న మనిషి చేసిన పనిని బంగారం తూచే త్రాసులో తూచకూడదని, అన్నారాయన. తర్వాత మెల్లగా, "కానీ తూచడం మాత్రం తప్పదు. కాల్చాక మీరు జీవితాంతం తూచుకుంటూనే ఉంటారు" అన్నారు.

బస్సులో ఇంటికొస్తూ దాని గురించే ఆలోచించాను. ఇన్నాళ్లూ తుపాకీ ఉంటేనే ఆత్మరక్షణ హక్కు ఉన్నట్టు అనుకున్నాను. ఆ హక్కుకి లైసెన్స్ అక్కర్లేదు, కొడవలి పట్టుకున్న కూలి మనిషికీ ఉంది, రోకలి పట్టుకున్న మా అమ్మకీ ఉంది. లైసెన్స్ కావాల్సింది తుపాకీకి. 1878లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన ఆయుధాల చట్టం మన చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడానికే. 1959లో మనం రాసుకున్న చట్టం కూడా అనుమతి లేకుండా తుపాకీ పెట్టుకోనివ్వదు. ముందు నాకు ఇది అన్యాయంగా తోచింది. ఇంటికి చేరేసరికి అలా అనిపించలేదు. ఎప్పుడు కాల్చకూడదో చెప్పగలిగిన మనిషికే దాన్ని ఇవ్వాలని ఆ సీఐ గారు గంటసేపు నా ముందు కూర్చున్నారు. నా పక్కింటివాడి చేతికి తుపాకీ ఇచ్చే ముందు కూడా ఎవరో ఒకరు అలా కూర్చోవాలని నేను కోరుకుంటాను.

రాత్రి అన్నం తింటూ అమ్మకి ఆ ప్రశ్న చెప్పాను. అమ్మ ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

2011 ఎండాకాలంలో మా చేలో నిజంగానే అలా జరిగింది. కేబుల్ దొంగలు ముగ్గురు వచ్చారు. కుక్కలు మొరిగితే నాన్న లేచి, తుపాకీ తీసుకుని గట్టు మీదికి వెళ్లాడు. టార్చి వేయలేదు, గురి పెట్టలేదు. గొట్టం కిందికి మడిచి, విరిచి పట్టుకున్న తుపాకీని ఒక్కసారి మూశాడు. నిశ్శబ్దంలో ఆ ఇనుము 'టక్' మన్న చప్పుడు వసారాలో ఉన్న నాకే వినపడింది. "ఎవర్రా అది?" అన్నాడు, అంతే. ముగ్గురూ కేబుల్ పారేసి కంపచెట్లలో పడి పరిగెత్తారు. ఆ కథ ఊళ్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు.

"ఆ రాత్రి దాంట్లో తూటా లేదే" అంది అమ్మ.

నేను అమ్మ ముఖం చూశాను.

"తూటాల పెట్టె తాళం నా మెళ్లో ఉంది. ఆయన అడగలేదు. లేచి వట్టి తుపాకీ తీసుకుని పోయాడు. వచ్చాక నేనడిగితే, నిద్ర మత్తులో లేచినోడి చేతికి తూటా ఇవ్వకూడదనే కదా తాళం నీకిచ్చింది అన్నాడు."

పదమూడేళ్లు ఆ మాట అమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే దొంగలకి తెలుస్తుందని నాన్న వద్దన్నాడట.

ఆగస్టులో శిక్షణ. శిక్షణ పూర్తయిందని ఇచ్చే ఎస్-1 పత్రం కోసం రెండు రోజులు ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల) మైదానానికి వెళ్లాను. మొత్తం 24 మందిమి, ఎక్కువమంది బ్యాంకు గార్డు ఉద్యోగాలకి వచ్చిన మాజీ సైనికులు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. రిజర్వ్ ఎస్సై గారు మొదటి రోజంతా తూటా ముట్టుకోనివ్వలేదు. ఏ తుపాకీనైనా లోడ్ అయి ఉన్నట్టే చూడండి, గొట్టం మనిషి వైపు తిప్పొద్దు, కాల్చాలనుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, గురి వెనక ఏముందో తెలియకుండా కాల్చొద్దు. ఈ నాలుగు ముక్కలే సాయంత్రం దాకా. 12 బోర్ అనే పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పారు. గొట్టం కొలతకి సరిపోయే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయట. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్లకి 2019 సవరణతో రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ అని గట్టిగా చెప్పారు.

రెండో రోజు కాల్చాను. తుపాకీ వెనక భాగం, అంటే బట్, భుజానికి గట్టిగా ఆనించమని చెప్పినా నేను కొంచెం వదులుగా పట్టాను. పేలగానే భుజం మీద ఎవరో దుడ్డుకర్రతో కొట్టినట్టయింది. చెవుల్లో హోరు. ముందు అట్ట మీద అరచేయంత చోట చిల్లులు పడ్డాయి. ఆ అట్ట మనిషంత ఎత్తుంది. నేను దాన్నే చూస్తూ నిలబడితే ఎస్సై గారు వచ్చి, "ముందు తుపాకీ విరవండమ్మా" అన్నారు. భుజం మీద కమిలిన మచ్చ పది రోజులు పోలేదు. రాత్రుళ్లు పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా ఆ అట్ట గుర్తొచ్చేది.

అక్టోబర్ ఆఖర్లో లైసెన్స్ వచ్చింది. ఐదేళ్లకి. ముందు మూడేళ్లే ఉండేది. నా ఫొటో, యూఐఎన్ అనే నా లైసెన్స్ గుర్తింపు నంబరు, నాన్న తుపాకీ నంబరు. దాన్ని పట్టుకుని స్టేషన్‌కి వెళితే రైటర్ రిజిస్టర్ తీసి, నా రసీదు చూసి, లోపలి నుంచి తెచ్చారు. ఏడాదిగా తుడవక గొట్టం మీద సన్నగా తుప్పు లేచింది. తూటాలు లెక్కబెట్టారు, 11.

నాన్న సంవత్సరీకానికి ఇంకా నాలుగు రోజులుంది. ఇంటికొచ్చి వసారాలో చాప వేసి, రాడ్‌కి ఆయన పాత పంచె గుడ్డే చుట్టి తుడిచాను. ఏడో ముక్క తెల్లగా వచ్చింది. పాప పక్కన కూర్చుని అన్నీ చూసింది. తుపాకీని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా మొలకి కట్టుకున్నాను. అమ్మ అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి ఉంది. దగ్గరికొచ్చి రేకు పెట్టె నా చేతిలోంచి తీసుకుంది, తూటాలు తనే ఇంకోసారి లెక్కబెట్టింది. తాళం వేసి, దాన్ని మళ్లీ మెడలోని తాడుకి ముడేసుకుని, పెట్టెని బియ్యం డబ్బాల వెనక పెట్టడానికి లోపలికెళ్లింది.